మళ్లీ లాభం

అంబాజీపేటలో కేశవరావుగారి కొబ్బరి కొట్లో కాయలు లెక్కపెట్టేది ధర్మరాజే. ఒక్కో కాయా లారీలోకి విసురుతూ పాటలా లెక్క చదువుతాడు. ఆ లెక్కలో ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు... అతని లెక్క ఏనాడూ తప్పలేదు. మధ్యలో ఆరేళ్లు బహ్రెయిన్ వెళ్లి, ఒక చిన్న బార్లో గ్లాసులు కడిగాడు. అక్కడ గురువారం సాయంత్రాలు ముగ్గురు ముసలి ఇంగ్లీషువాళ్లు రాక్ పాటలు వాయించేవారు. ఒక్కో పాట పావుగంట. తాగేవాళ్లు కబుర్లలో ఉంటే, ధర్మరాజు తడిచేతులతో వంటగది గుమ్మంలో నిలబడి డ్రమ్ము దెబ్బలు లెక్కపెట్టేవాడు. ఏడు దెబ్బలకోసారి పాట మళ్లీ మొదటికొచ్చేది. ఒకనాడు డ్రమ్ములాయన తడబడ్డాడు. కర్రలు గాల్లోనే ఆగిపోయాయి. "లాభం!" అని ధర్మరాజు కేకేశాడు. ఆ మాట తెలియకపోయినా ఆయన సరిగ్గా దానిమీదే దెబ్బ వేశాడు. ఆ తర్వాత పాట అయ్యేదాకా గుమ్మంకేసే చూస్తూ వాయించాడు.

ఆ డ్రమ్ములాయన పోయాడని నిన్న ఆ బార్ వంటమాస్టారు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఏడు అవగానే మళ్లీ లాభం అంటావేంటి?" అన్నారు కేశవరావుగారు. "ఇవాళ ఇది రెండోసారి. ఇంకోసారి తప్పేవంటే లెక్క మానేసి కాయలు వలుచుకో."

"ఆయ్, తప్పయిపోయిందండి."

లారీలో కాయలన్నీ దింపించి ధర్మరాజు మొదట్నుంచి అందుకున్నాడు. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదో కాయ చేతిలోకి తీసుకున్నాడు. కేశవరావుగారు తననే చూస్తున్నారని అతనికి తెలుసు.

"లాభం" అన్నాడు, మెల్లగా.