గేటు దారి కొలత

మొన్న ఎండాకాలం సీతమ్మధారలో కంటి డాక్టరు దగ్గర, కళ్లలో చుక్కలు వేయించుకుని, ఎదుటి గోడ కూడా సరిగా ఆనక కూర్చుని ఉన్న సమయంలో నా ఫోను వరసగా నాలుగైదు సార్లు మోగింది. రిటైరై ఇన్నేళ్లయినా మా బడి వాట్సాప్ గ్రూపులోంచి నన్నెవరూ తీసెయ్యలేదు, నేనూ బయటికి రాలేదు. అందులో పొద్దున్నే వచ్చిపడే శుభోదయాలూ పూల బొమ్మలూ చూసి చూసి ఉన్నాను గనక ఇదీ ఆ బాపతే అనుకున్నాను. ఆగకుండా మోగుతుంటే మాత్రం ఉండబట్టలేక పక్క కుర్చీలో ఉన్నావిడకు ఫోనిచ్చి ఏమిటో కాస్త చదివి పెట్టమన్నాను. ఆవిడ పాపం ఓపిగ్గానే చదివింది. మూడు, నాలుగు, అయిదు తరగతులను కిలోమీటరు లోపలున్న హైస్కూళ్లలో కలిపేసే బళ్ల జాబితా అది. అందులో మా బడి పేరుందనీ, దాని పక్కన హైస్కూలుకు దూరం సున్నా పాయింట్ ఆరు కిలోమీటర్లు అని ఉందనీ చెప్పి, అంత దగ్గరైతే మంచిదే కదండీ అంది.

ఫోను వెనక్కి తీసుకున్నాను. ఆ సున్నా పాయింట్ ఆరు రాసినది నేనే.

నా ఈడువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో గాజువాక ఇప్పటిలా ఉండేది కాదు. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతూనే ఉన్నారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు పల్లెల్లో పొలం పనులు గిట్టని వాళ్లంతా భుజాన మూటలతో బస్సులు దిగి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పాకలు వేసుకునేవారు. అలా గూడ్సు రైళ్ల లైనుకు అవతల ఒక పేట పుట్టుకొచ్చింది. దానికి కాగితాల్లో ఏదో గొప్ప పేరే ఉంది గానీ అందరూ లైనవతల అనే అంటారు, ఇప్పటికీ అంతే. బడి లైనుకు ఇవతల ఉండేది. మా బడి అరుగు మీద నిలబడితే ఆ పేటలో ఎవరి పాక ముందు ఎవరు తల దువ్వుకుంటున్నారో కనిపించేది, అంత దగ్గర. కాకపోతే మధ్యలో రేవు నుంచి బొగ్గు మోసుకొచ్చే గూడ్సు బండ్లు అరగంటకు పైగా కదలకుండా నిలబడిపోయేవి. గేటు చూస్తే ఎక్కడో దూరాన ఉండేది. పిల్లలు గేటు దాకా ఎక్కడ నడుస్తారు, పలకా పుస్తకాల బొత్తీ చంకలో పెట్టుకుని పెట్టెల కింద నుంచి వంగి వచ్చేసేవారు. మేమూ చూస్తూనే ఉండేవాళ్లం. రోజూ చూసేదాన్ని మనిషి ప్రమాదం అనుకోవడం మానేస్తాడు, అదే అసలు భయపడవలసిన సంగతి.

నేను చేరిన రెండో నెలలో, ప్రార్థన గంట కొట్టాక, రెండో తరగతి పిల్ల ఒకతె ఆలస్యమైపోతోందని పెట్టెల కింద దూరింది. బండి కుదిపింది. ప్రాణం పోలేదు గానీ కుడి పాదం సగం పోయింది. ఆ పిల్లను ఆసుపత్రికి మోసుకుపోయింది మా హెడ్మాస్టారు. ఆయన తెల్ల పంచె మీద మరక ఎంత ఉతికినా పోలేదని ఆయన భార్య చాలా కాలం చెప్పుకునేది. ఆ పంచె ఆయన మళ్లీ కట్టలేదు, పారెయ్యనూ లేదు.

లైనవతల ఒక బడి కావాలని ఆయన అర్జీ పెట్టాడు. అప్పట్లో నియమం ఏమిటంటే, ఉన్న బడికి కిలోమీటరు లోపలైతే కొత్త బడి ఇవ్వరు. సమితి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, అరుగు మీద నిలబడి పేట వైపు చూసి, చెయ్యి చాపితే అందేలా ఉన్న ఊరికి బడి ఏమిటి మాస్టారూ అని నవ్వేశాడు. మా హెడ్మాస్టారు నవ్వలేదు. ఆయన మాట ఎప్పుడూ మెత్తగానే ఉండేది. ఆ రోజూ అంతే మెత్తగా, "బాబూ, తవరి పాపైతే ఏ దారంట పంపుతారో ఆ దారే కొలుద్దారండి" అన్నాడు.

ఆ కొలత నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఆయన తన సైకిలు ముందు చక్రానికి ఒక గుడ్డ పీలిక కట్టాడు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఎంతో టేపుతో కొలిచి ఇన్‌స్పెక్టరు గారికి చూపించాడు. తర్వాత సైకిలు నడిపించుకుంటూ ఆయన ముందు, పీలిక పైకొచ్చినప్పుడల్లా లెక్కపెడుతూ ఇన్‌స్పెక్టరు గారు పక్కన, నూరు చుట్లకొక సుద్దముక్క కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకుంటూ నేను వెనకాల. మధ్యలో ఒకచోట గేదెలు అడ్డం వస్తే లెక్క తప్పింది. ఇన్‌స్పెక్టరు గారు విసుక్కుంటూనే వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టాడు. గేటు దగ్గర బండి పోయేదాకా నిలబడ్డాం. ఎండకి ఇన్‌స్పెక్టరు గారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. పేటలోకి చేరేసరికి నా ఎడమ చేతిలో ఎన్ని సుద్దముక్కలున్నాయో నేను చెప్పకముందే ఆయనకు అర్థమైపోయింది. కిలోమీటరు దాటి చాలా దూరమే అయింది. ఒక పాక ముందు నులక మంచం మీద కూర్చుని, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి, అక్కడికక్కడే గేటు దారిన అని అడుగున గీత గీసి మరీ రాశాడు. ఆ మనిషి గొప్పవాడని కాదు. నడిచాడు కాబట్టి తెలిసింది, అంతే.

అలా లైనవతల తాటాకుల షెడ్డులో బడి వచ్చింది, దానికి ఏకోపాధ్యాయురాలిగా నన్నే వేశారు. పాదం పోయిన ఆ పిల్ల కర్ర ఊతంతో వచ్చి మొదటి వరసలో కూర్చునేది. అయిదు దాకా చదివింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. మధ్యాహ్న భోజనం వచ్చాక మా బడికే వంటావిడ అయింది. నేను వేరే ఊళ్లు తిరిగి, పద్మనాభంలో కొన్నేళ్లు చేసి, చివరికి హెడ్మిస్ట్రెస్‌గా మళ్లీ అదే బడికి వచ్చేసరికి షెడ్డు పోయి డాబా వచ్చింది, పొయ్యి దగ్గర ఆవిడ ఉంది. లైనుకు ఇవతల మా పాత బడి పెరిగి పెరిగి హైస్కూలయింది.

అప్పటికి ఇన్‌స్పెక్షన్ల తీరు కూడా మారిపోయింది. పూర్వం ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే ఒక పిల్లను లేపి పద్యం చదవమనేవాడు, కాపీ పుస్తకాలు తిరగేసేవాడు. తర్వాత్తర్వాత ఎవరూ రావడం మానేశారు, ఫారాలు రావడం మొదలైంది. కుళాయిలెన్ని, కిటికీలెన్ని, నల్లబల్లలెన్ని, ప్రహరీ పూర్తా సగమా; పిల్లల సంఖ్యను బట్టి గ్రాంటు, గ్రాంటును బట్టి సుద్దముక్కలు. బడికి మార్కులూ నక్షత్రాలూ వేసేవారు. నేను వాటిని ఎగతాళి చేసేదాన్నే గానీ, ఉన్నమాట చెప్పాలంటే, ఫారాలు అందరికంటే ముందు నింపి ఇచ్చే హెడ్మిస్ట్రెస్ అని మీటింగులో నా పేరు చదివితే నాకు లోపల పొంగిపోయేది.

ఆ పొంగే నా కొంప ముంచింది. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా ఒక కొత్త గడి వచ్చింది, సమీప హైస్కూలుకు దూరం అని. కిలోమీటరు హద్దు దాటి దూరం రాస్తే ప్రతి పిల్లకూ ప్రయాణ భత్యం కాగితాలు విడిగా పెట్టాలి: బ్యాంకు పాసుబుక్కు, ఆధారు, తండ్రి సంతకం. మా పేటలో తండ్రి సంతకం కావాలంటే షిఫ్టు దిగి వచ్చేదాకా ఇంటి ముందు కాపలా కాయాలి. గడువు మూడు రోజులు. హద్దు లోపల రాస్తే ఆ బాధే లేదు. పైగా లైను మీద కాలివంతెన వస్తుందని ఆ యేడు గట్టిగా చెప్పుకున్నారు, స్తంభాలకు గుంతలు కూడా తీశారు. వంతెన వచ్చాక దూరం ఎలాగూ ఇంతేగా అని నాకు నేను సర్దిచెప్పుకుని, ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికి సున్నా పాయింట్ ఆరు అని చెప్పాను. ఆ అమ్మాయి ఒకసారి నా వైపు తలెత్తి చూసి, సరేనా మేడమ్ అని అడిగింది. సరే అన్నాను. మా హెడ్మాస్టారు అప్పటికి బతికే ఉన్నాడు, మా ఇంటికి నాలుగు వీధుల అవతల.

వంతెన రాలేదు. ఆ గుంతల్లో వానాకాలం నీళ్లు నిలుస్తాయి. నేను రాసిన అంకె మాత్రం ఏటా దానంతటదే వచ్చి గడిలో కూర్చుంటోందనీ, నా తర్వాత వచ్చినవాళ్లు సరే అని నొక్కి ముందుకు పోతున్నారనీ నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఎవరికీ కనబడకుండా అక్కడ ఎదురుచూస్తూ ఉందన్నమాట.

కళ్ల చుక్కల మసక వీడిందో లేదో, మర్నాడే వంటావిడ మా ఇంటికి వచ్చింది. కొడుకూ కోడలూ చీకటితోనే పనులకు పోతారు, మనవరాలిని పెంచుతున్నది ఆవిడే. ఆ పిల్ల ఈ యేడు మూడో తరగతి. ఆవిడ గుమ్మంలో కూర్చుని, పాదం చీరకుచ్చెళ్ల కింద దాచుకుంటూ, "ఎవులో కుర్సీలో కూకుని రాసేసినట్టున్నారండి. తవరొచ్చి సెబితే ఇంటారు" అంది. అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. వస్తానన్నాను.

ఇద్దరం కలిసి మండల విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసరు నా కొడుకు వయసువాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. గేటు దారి సంగతి నేను చెబుతున్నంతసేపూ విన్నాడు, తర్వాత కంప్యూటరు మా వైపు తిప్పి ఏయే సంవత్సరంలో ఏముందో చూపించాడు. అన్నిటా అదే అంకె. మొట్టమొదట ఎక్కించినవారు అన్నచోట నా పేరు. ఇది మీరే ఇచ్చారు కదా మేడమ్ అని అడిగాడు, ఎత్తిపొడుపేమీ లేదు అందులో. మళ్లీ వివరాలు తెరిచే కాలం వచ్చినప్పుడు మార్చుకోవచ్చనీ, అప్పటిదాకా ఇదే ఖాయమనీ అన్నాడు. మిగిలే ఒకటీ రెండూ తరగతుల్లో పిల్లలు ఎంతమంది ఉంటారని అడిగి, నేను చెప్పింది రాసుకుని, ఆ కాగితం మీద పెన్ను అలాగే ఉంచి కాసేపు ఆగాడు. ఆ ఆగడం నాకు నచ్చలేదు, రేపు ఆ రెండు తరగతులనూ ఎత్తేసే లెక్కలా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. చాలాసేపటికి ఆవిడ, "తవరే రాసారేటండి?" అంది. తలూపాను. ఏం తిట్టినా పడదామనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆవిడ రోడ్డు వైపు చూస్తూ, "పోన్లెండి అమ్మగారూ. అప్పటికి నా మనవరాలు పుట్టనేదు గదా" అంది. జీవితంలో నేనంత సిగ్గుపడింది లేదు.

జూన్‌లో బళ్లు తెరిచారు. వంటావిడ ఆ వేళకు పొయ్యి దగ్గర ఉండాలి, మనవరాలిని దింపి రాలేదు. పిల్లలను గేటు దారిన నేనే నడిపించుకు పోతానని చెప్పి మొదటి వారం అలాగే తీసుకుపోయాను. నా మోకాళ్లతో, పిల్లల బరువు సంచులతో, గేటు పడినప్పుడల్లా ఆగుతూ పోయేసరికి హైస్కూలులో హాజరు అయిపోయేది. అక్కడ హాజరు ఫోనులో వేస్తారు, గంట దాటితే అది మూసుకుపోతుంది; హాజరు తగ్గితే తల్లికి రావాల్సిన డబ్బు ఆగిపోతుందని అందరికీ భయం. అక్కడి టీచర్లను తప్పుపట్టలేను, వాళ్ల బడికీ ఆ లెక్క మీదే మార్కులు. రెండో వారం నుంచి పిల్లలు నాకోసం ఆగడం మానేశారు. ఒక రోజు నేను లైను దగ్గరికి చేరేసరికి గూడ్సు బండి నిలబడి ఉంది, పెట్టెల కింద నుంచి హైస్కూలు వైపు చిన్న చిన్న పాదాలు పరుగెత్తడం కనిపించింది. వంటావిడ మనవరాలు మాత్రం పేట వైపే నిలబడి ఉంది. నేను చెయ్యి పట్టుకుని కోప్పడితే, పెద్దవాళ్లకు తెలియని సంగతి చెబుతున్నట్టుగా నెమ్మదిగా నచ్చజెప్పింది. "అది కూతెట్టినాక ఇరవై లెక్కెట్టీదాకా కదల్దు టీచరమ్మా. నాను రోజూ లెక్కెడతన్నాను."

ఎవరు చెప్పారే అన్నాను. ఎవరూ చెప్పలేదట, తనే కనిపెట్టిందట. లెక్కలు ఆ పిల్లకు బాగా వచ్చు. కాసేపు బండి వైపు చూసి, "నిన్న మాత్రం పదేడుకే కదిలిపోనాది" అంది.

మా రోజుల్లో కొలతలు పెద్దవాళ్లు కొలిచేవారు. ఎండలో నడిచి, తప్పితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి, పిల్లల జోలికి అది రాకుండా చూసేవారు. ఇప్పుడు మేమంతా ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ కూర్చుని సరే అని నొక్కేశాం, లెక్కపెట్టే పని ఈ పిల్ల మీద పడింది. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇంతలో ఇంజను కూత వేసింది, నా అరచేతిలో ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకోవడం మొదలుపెట్టాయి, నాకు తెలియకుండానే నేనూ లెక్కపెడుతున్నాను.