నా ముల్లు మీటరు, అత్తయ్య చల్లకుండ

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, మా వైపు పాలిటెక్నిక్ పాసైన కుర్రాడు ఇంట్లో ఉన్నాడంటే ప్రతి వస్తువుకీ ప్రాణగండమే. గడియారం కనబడితే విప్పాలి, రేడియో కనబడితే విప్పాలి. విప్పినవాటిని మళ్ళీ బిగించడం మాత్రం మా సిలబస్‌లో ఉండేది కాదు. బెజవాడలో మూడేళ్ళు చదివి, డిప్లొమా కాయితం చంకన పెట్టుకుని, ఉద్యోగం వచ్చేదాకా ఉందామని నేను తిరువూరులో మా మేనమామ ఇంట్లో దిగిన రోజున అత్తయ్య మొదట చేసిన పని ఇస్త్రీపెట్టెను బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. (కుట్టుమిషను బీరువాలో పట్టలేదు. దాని గతి ఏమైందో ఇక్కడ చెప్పను.)

మావయ్యకి విస్సన్నపేట రోడ్డు పక్క పొలంలో పొగాకు బ్యారన్ ఉండేది. బ్యారన్ అంటే, గోడలో ఒక చిన్న అద్దం కంత తప్ప కిటికీలు లేని ఎత్తయిన గది అనుకోండి. లోపల పచ్చి ఆకును కర్రలకు కట్టి వేలాడదీస్తారు. బయట పొయ్యిలో మంట పెట్టి, లోపలున్న రేకు గొట్టాల్లోకి ఆ వేడి పంపిస్తారు. మొదట ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆకు ఎండాలి, ఆఖరున ఈనె ఎండాలి. ఒక్కో దశకీ ఒక్కో వేడి. ఎక్కువైతే ఆకు మాడుతుంది, మధ్యలో తలుపు తీసి చల్లగాలి తగలనిస్తే రంగు పోతుంది. రెండు రకాలుగానూ ఏడాది కష్టం మట్టిపాలే.

ఆ పొయ్యి చూసే మనిషిని అందరూ బ్యారన్ తాత అనేవారు. కళ్ళు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థన చేసుకుంటే తప్ప అగ్గిపుల్ల గీసేవాడు కాదు. ఎన్నో ఏళ్ళుగా ఆయన చెయ్యి పడితే ఆకు నిమ్మపండు రంగులో దిగేది. అయితే కొంతకాలంగా కళ్ళకి పొరలు కమ్మి, అద్దం కంతలోంచి చూస్తే లోపల వేలాడే థర్మామీటరులో గీతలు ఆనేవి కావు. "ఈసారి ఆకు చెడిందా, నిన్ను మాన్పించేసి పెనుగొలను నుంచి వేరే మనిషిని తెచ్చుకుంటా," అని మావయ్య ఆయన మొహానే తెగేసి చెప్పాడు. తాత వంగుని కట్టెలు సర్దుకున్నాడు. పాపం, ఆ పని తప్ప ఆయనకింకోటి రాదు. నా మనసు చివుక్కుమంది. (జాలి సగమే లెండి. మిగతా సగం, నా డిప్లొమా సత్తా ఊరికి చూపించాలన్న దురద.)

థర్మోకపుల్ అని ఒకటుంది. రెండు రకాల లోహపు తీగల్ని రెండు కొసలా కలిపి, ఒక కొస వేడిలో, రెండోది చల్లదనంలో ఉంచితే, తీగలో కాస్తంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకి మీటరులో ముల్లు కదులుతుంది. వేడి కొస బ్యారన్ లోపల, మీటరు బయట, ఇక కంతలోంచి చూసే పనే లేదు! పుస్తకంలో దానికి పింగాణీ గొట్టాలు, ఖరీదైన తీగలు, ఎన్నో హంగులు రాశారు. నేను అన్నీ సులభం చేసేశాను. ఖరీదైన తీగ బదులు పందిరికి కట్టే ఇనపతీగ, దానికి జోడీగా పాత మోటారులోంచి లాగిన రాగితీగ. అతకడం బదులు మెలెయ్యడం. చల్లని కొసని మంచుగడ్డలో ఉంచమన్నారు. సోడా కొట్లో మంచు కొని పొలానికి తెచ్చేలోపు ఎలాగూ నీళ్ళయిపోతుంది కదా అని సరాసరి మంచినీళ్ళ కుండలోనే పెట్టాను. బెజవాడ పాత సామాన్ల కొట్లో కొన్న మీటరు మీద అంకెలు చెరిపేసి, పసుపు, ఆకు, ఈనె అని మూడు లావుపాటి గీతలు గీశాను. ఆఖరికి పేర్లు కూడా సులభం చేశాను: వేడికొస, చల్లకొస. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"తాతా, ముల్లు కనబడుతోందా?"

"భేషుగ్గా కనబడతంది అబ్బాయిగారూ! పసుపు గీత మీదుంది."

నిజంగానే పసుపు గీత మీదుంది! మావయ్య ఆ రోజు రోడ్డున పోయేవాళ్ళని కూడా పిలిచి, "మా అల్లుడు చేశాడు," అని చూపించాడు.

మూడోనాటికి మెలేసిన కొసలు వదులై ముల్లు వణకసాగింది. టంకం పెట్టిద్దామంటే తిరువూరు రేడియో మేస్త్రి పెళ్ళికెళ్ళాడు. టంకం సామాను అరువడిగి తెద్దామని విస్సన్నపేట బస్సెక్కాను. బస్సు కదిలాక, కూలీల కోసం చల్లకుండ మోయించుకుని పొలానికొస్తున్న అత్తయ్య కనబడింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "అత్తయ్యా, చల్లకొస! కుండలోనే ఉండాలి! తియ్యనియ్యకు!" అని అరిచాను. ఆ ఇంజను మోతలో కూడా ఆవిడ చెయ్యూపింది. నిశ్చింతగా వెళ్ళాను.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి బ్యారన్ ముందు గొడవ. మావయ్య పంచె ఎగ్గట్టి కేకలేస్తున్నాడు. తాత తలుపుకి వీపానించి, రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు.

"జరుగు తాతా! ముల్లు ఈనె గీత కూడా దాటిపోయి కొట్టుకుంటోంది. లోపల అంటుకునేట్టుంది. మంట లాగేసి తలుపులు తియ్యాలి!"

"తియ్యొద్దయ్యగారూ. ఆకు రంగు పోద్ది. లోపల వేడి సరిగ్గానే ఉంది. గోడ చెప్తంది నాకు."

"కళ్ళు కనబడనివాడివి, నువ్వా నాకు చెప్పేది? ఆకు తగలబడితే ఎవరిది పూచీ?"

"నాదేనయ్యా. తగలబడితే రేపట్నుంచి నేను రాను."

నేను పరిగెత్తుకెళ్ళి కంతలోంచి థర్మామీటరు చూశాను. తాత చెప్పినట్టే వేడి ఉండాల్సినంతే ఉంది! మరి మీటరుకేమొచ్చింది? తీగ పట్టుకుని కుండదాకా వెళ్ళాను. మంచినీళ్ళ కుండలో తీగ లేదు. తీగ పక్కనున్న చల్లకుండలోకి దిగి ఉంది.

"అత్తయ్యా! చల్లలో పెట్టావేంటి?"

"నువ్వేగా చల్లకుండలో ఉండాలని బస్సులోంచి గొంతు చించుకున్నావు! తాగే నీళ్ళలో తుప్పు తీగేంటని నాకు మొదట్నుంచీ అనుమానమే. పోనీలే, ఇప్పటికి తెలుసుకున్నాడు అనుకున్నా."

పుల్లటి చల్ల, అందులో రాగి, ఇనుము, మెలిక వదులు. ఇంకేం కావాలి? నా థర్మోకపుల్ చక్కగా బ్యాటరీ అయిపోయింది. తీగ బయటికి లాగగానే ముల్లు సిగ్గుపడి వెనక్కి జారింది. మావయ్య నా వంక చూసిన చూపుకి బ్యారన్‌లో ఆకు ఎండిపోయేది. కూలీలు నవ్వాపుకోలేక చచ్చారు. (ఆ చల్ల ఎవరూ తాగలేదు.)

ఆకు నిమ్మపండు రంగులో దిగింది. మావయ్య ఒక ఆకు వెలుగులో పట్టుకుని చూసి, "ఇలాంటి మనిషిని మాన్పిస్తానన్నదెవడ్రా?" అని అందరినీ అడిగాడు. ఎవరూ పేరు చెప్పలేదు. నేను తాత దగ్గరకెళ్ళి, "అంతా నా వల్లే తాతా. అందరూ ముల్లుని చూసి హడలిపోతే నీకు భయమెందుకు వెయ్యలేదు?" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకు ముల్లు కనబడితేగా బాబూ! మొదట్రోజు నించీ గోడ మీద చెయ్యేసి చూసే చెప్పాను. పాపం ఎంతో కష్టపడి చేశావు, కనబడట్లేదంటే చిన్నబుచ్చుకుంటావని..."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన్ని కాపాడటానికి నేను మీటరు చేశాననుకుంటుంటే, ఆయన అన్నాళ్ళూ నన్ను కాపాడుకుంటూ వచ్చాడు.

ఆ వేసవిలో మావయ్యే తాతని బెజవాడ తీసుకెళ్ళి కళ్ళకి ఆపరేషను చేయించాడు. తర్వాత నేను చూడబోతే, సోడాబుడ్డి కళ్ళద్దాల్లోంచి నన్ను ఎగాదిగా చూసి బుగ్గలు నొక్కుకున్నాడు. "ఓరి నాయనో, ఆ అబ్బాయిగారు నువ్వేనా? మాటలు విని ఎంత పెద్దోడివో అనుకున్నానయ్యా. ఇంకా మీసాలన్నా సరిగ్గా రాలేదే!"

మొన్న నాకూ కళ్ళకి ఆపరేషనైంది. కట్టు విప్పాక అద్దంలో చూసుకున్నాను. తెల్లగా నెరిసి, గుబురుగా ఉన్నాయి. 'మీసాలైతే వచ్చాయి తాతా,' అనుకుని నవ్వుకున్నాను. మా ఆవిడ పక్క గదిలోంచి ఎందుకు నవ్వుతున్నారని అడిగింది.