రుమాలు కింద కారు బేరం

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, అమ్మేవాడు చెప్పే ధర వేరు, వాడు మనసులో అనుకున్న ధర వేరు. రెండోది, ఆ రెంటి మధ్య నాకంటే హుషారుగా తిరగగలిగినవాడు బహ్రెయిన్ మొత్తంలో లేడు. (బహ్రెయిన్ ఎంతుంటుందని మాత్రం అడక్కండి. పొద్దున బయల్దేరితే టీ చల్లారేలోపు అవతలి కొసకు చేరతాం. అయినా గర్వం గర్వమే.) ఉత్తర తెలంగాణలో మాది పసుపు అడ్తి దుకాణం, అంటే రైతు తెచ్చిన పసుపుకు కొనేవాణ్ణి కుదిర్చి కమీషన్ తీసుకునే వ్యాపారం. ఎడమపక్క కిరాణం, కుడిపక్క బట్టల దుకాణం, ఎదురుగా ఇత్తడి సామాన్లు. అందుకని నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. మా బాపు నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, కావలసిన బస్తా వంక చూడకూడదు, దాని పక్క బస్తా వంక చూడాలి. తర్వాత, ఏదో పోనీలే అన్నట్టు అసలు బస్తాలోంచి ఒక కొమ్ము తీసి, విరిచి, వాసన చూసి, చేదు మందు తాగినట్టు మొహం పెట్టి పక్కన పడేయాలి. "నచ్చినట్టు కనబడ్డవంటె అయిపాయె బిడ్డా, వాడు నీ నెత్తి మీద కూసుంటడు" అనేవాడు.

రెండో పాఠం రుమాలుది. మార్కెట్లో పదిమంది ఎదుట పెద్ద బేరాలు నోటితో చేయరు. మధ్యలో రుమాలు కప్పి, దాని కింద ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుంటారు. ఒక వేలు నొక్కితే ఒకటి, ఐదూ కలిపి పట్టుకుంటే ఐదు. వందలా వేలా అన్నది ముందే అనుకుంటారు. పైన మొహాలు రెండూ ఈసారి వానలు ఎట్లా పడ్డాయో మాట్లాడుకుంటూ ఉంటాయి, కింద వేళ్ళు పోట్లాడుకుంటూ ఉంటాయి. ఈ రెండు విద్యలతో నేను బహ్రెయిన్ వచ్చి, సిత్రాలో ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోర్‌లో సామాన్ కొనే ఉద్యోగంలో కుదురుకున్నాను. చేతి తొడుగుల దగ్గర్నుంచి నట్లు, బోల్టుల దాకా ఏదీ చెప్పిన ధరకు కొన్న పాపాన పోలేదు. కంపెనీ క్యాంపులో అందరూ నన్ను 'సేటు' అనేవారు. మెచ్చుకోలే అనుకునేవాణ్ణి. (ఇప్పుడు ఆలోచిస్తే అంత నమ్మకంగా చెప్పలేను.)

మా కంపెనీ వ్యాన్ నడిపే హైదరాబాద్ పాతబస్తీ ఆయన్ని అంతా డ్రైవర్ భాయ్ అనేవాళ్ళం. ఆ కారు సంగతి మొదట మోసుకొచ్చింది ఆయనే. "సేట్, గలాలీల ఒక ముసలాయన ఉన్నడు. ఆయన తాన బీటిల్ కారుంది. గా గుండ్రగ తాబేలు లెక్క ఉంటది చూడు, గది. అమ్ముతడట" అన్నాడు. నాకు అప్పటికి ముప్పై నిండలేదు. చిన్నప్పుడు మా పట్నంలో ఒక పంటి డాక్టరుకు అలాంటి కారు ఉండేది. అది దుకాణం ముందు నుంచి టపటపమని పోతుంటే లెక్క మరిచిపోయి బస్తాలు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టి తిట్లు తినేవాణ్ణి. కుటుంబానికి పనికొచ్చే ఏసీ కారు ఒకటి అప్పటికే ఉంది. ఇది పనికి కాదు, శుక్రవారం పూట ఊరికే తిరగడానికి, సరదాకి. మా వంశంలో సరదాకి ఏదైనా కొన్న మొదటివాణ్ణి నేనే అవుతానని తలచుకుంటే ఒళ్ళు ఝల్లుమంది.

డ్రైవర్ భాయ్ మాత్రం ఒక్క మాట హెచ్చరించాడు. "జర సంభాళించుకో సేట్. ముగ్గురు వచ్చి పోయిండ్రు. ఒకడు హోటల్ ముందట బొమ్మ లెక్క నిలబెడ్తనన్నడు. ఇంకొకడు ఇప్పి పార్టులు అమ్ముకుంటనన్నడు. మూడోటోడు గులాబీ రంగేసి పెండ్లి ఫోటోలకు కిరాయికిస్తనన్నడు. ముగ్గురి ముందట్నే టార్పాలిన్ కప్పేసిండు. ఆయనకు పైసలది కాదు ముచ్చట, బండి మీద ప్రేమ ఉన్నోడు కావాలె. ఇంకోపాలి మనసు నొచ్చితే ఇగ ఎవ్వనికీ చూపియ్యనన్నడు." నేను నవ్వేశాను. పైసలది కాదు అనే మాట మా వీధిలో రోజుకు నలభైసార్లు వినేవాణ్ణి, అదీ పైసలు పెంచే ముందు. మా ఆవిడతో, "పద్దెనిమిది వందల దీనార్లంటున్నడట. సగానికి తెస్త చూడు" అని ఛాతీ చరుచుకుని, రిఫాలో మా ఇంటి నుంచి శుక్రవారం పొద్దున్నే డ్రైవర్ భాయ్ వ్యాన్‌లో గలాలీకి బయల్దేరాను.

ముసలాయన్ని వీధిలో అందరూ హాజీ అంటారు. తెల్లటి పొడుగు చొక్కా, భుజం మీద తలగుడ్డ, ఒక మోకాలు వంగదు. కుర్రతనంలో బొంబాయిలో ఉన్నాడట, హిందీ మనకంటే శుభ్రంగా మాట్లాడతాడు. (మా మాటలన్నీ హిందీలోనే సాగాయి, తెలుగులో చెబుతున్నాను.) చిన్న గిన్నెల్లో కాఫీ పోసి, కబుర్లు చెప్పి, "ఈ మోకాలు క్లచ్ తొక్కనివ్వడం లేదు నాయనా, లేకపోతే నేనెందుకు అమ్ముతాను" అంటూ షెడ్డులోకి తీసుకెళ్ళి టార్పాలిన్ లాగాడు.

పసుపు రంగు. మామూలు పసుపు కాదు, ఎండిన కొమ్మును ఫటుక్కున విరిస్తే లోపల కనిపించే రంగు. ఎదురుగా రెండు గుండ్రటి కళ్ళు, బుగ్గలు పూరించినట్టున్న మడ్గార్డులు, పక్క కిటికీల్లో బుల్లి మూడుకోణాల అద్దాలు. నా లోపల పది డప్పులు ఒక్కసారి మోగాయి. పరిగెత్తి వెళ్ళి దాని వీపు నిమరాలనిపించింది. కాని నేను ఎవరి కొడుకుని? తక్షణం మొహం తిప్పుకుని, పక్కనున్న పాత ఫ్రిజ్ వంక తదేకంగా చూడటం మొదలుపెట్టాను.

కాసేపు చూసి హాజీ, "ఫ్రిజ్ అమ్మకానికి లేదు" అన్నాడు.

"ఊరికే చూస్తున్నాను. ఇదేనా కారు?" అన్నాను, ఇప్పుడే కంటపడినట్టు. ఇక నా విద్య మొదలుపెట్టాను. చుట్టూ ఒకసారి తిరిగి, గోటితో గీకి, నాలుక చప్పరించాను. ఇక్కడ తుప్పు, అక్కడ సొట్ట, సీటు కుట్లు ఊడాయి, ఏసీ లేదు. హాజీ ప్రతిదానికీ "నిజమే" అని తల ఊపాడు. అమ్మేవాడు ఒప్పుకుంటున్నాడంటే ధర దిగుతున్నట్టే అని నాకు ఊపొచ్చింది. ముందు బానెట్ ఎత్తాను. లోపల ఒక స్పేర్ టైరు, ఒక పాత దుప్పటి. "ఇంజనే లేని బండికి పద్దెనిమిది వందలా!" అన్నాను. డ్రైవర్ భాయ్ నా నడుం గట్టిగా గిల్లి, "ఇంజన్ ఎనక ఉంటది సేట్, ఇజ్జత్ తియ్యకు" అని తెలుగులో గొణిగాడు. సరే, వెనక్కి వెళ్ళాను. ఇంజను ఉంది. అయితే ఓడిపోతానా? టార్చి వేసి మూలమూలా వెతికి, విజయగర్వంతో తలెత్తాను. "రేడియేటర్ ఎవరో ఊడపీక్కుపోయారు. దానికి రెండు వందలు తగ్గించాలి."

హాజీ నా చేతిలోంచి టార్చి తీసుకుని ఆర్పేశాడు. "దీనికి నీళ్ళు అక్కర్లేదు. గాలితోనే చల్లబడుతుంది. పుట్టినప్పట్నుంచీ రేడియేటర్ లేదు" అన్నాడు.

"అదే నేనూ అంటున్నది. ఈ ఎండల దేశంలో నీళ్ళు కూడా లేని బండి ఎవరు కొంటారు?" అన్నాను. తడబడితే మా బాపుకు తలవంపులు కదా.

ఈసారి హాజీ "నిజమే" అనలేదు. వంగని మోకాలితో మెల్లగా వెళ్ళి టార్పాలిన్ అంచు అందుకున్నాడు. "నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి. ఇంత పనికిరాని బండి నీకెందుకు నాయనా? కాఫీ తాగి వెళ్ళు. ఖలాస్" అంటూ పసుపు వీపు మీదకు గుడ్డ లాగడం మొదలుపెట్టాడు. ఒక హెడ్‌లైటు గుడ్డ కిందికి పోయింది. 'అయ్యో, వద్దు, నాకు కావాలి' అని లోపల అరుస్తున్నాను. పైకి మాత్రం మొహం ఒక్క గీత కూడా కదలడం లేదు. పాతికేళ్ళ శిక్షణ, ఒక్క నిమిషంలో ఎట్లా పోతుంది? నోరు తెరిస్తే మళ్ళీ ఏ తుప్పు గురించో వస్తుందని భయమేసి మూసుకున్నాను. రెండో హెడ్‌లైటు కూడా గుడ్డ కిందికి పోయింది.

అప్పుడు డ్రైవర్ భాయ్ ఉండబట్టలేక అడ్డంపడ్డాడు. "హాజీ, వీడి తప్పు కాదు, పుట్టుక అలాంటిది. వీళ్ళ నాన్న పసుపు మార్కెట్లో రుమాలు కింద చెయ్యి పెట్టి బేరం చేస్తాడు. వీడికి అంతకుమించి తెలీదు."

హాజీ చెయ్యి ఆగింది. "రుమాలు కిందా?" అని వెనక్కి తిరిగాడు. "వేళ్ళతోనా?" నేను తల ఊపాను. ముసలాయన కళ్ళలో ఏదో వెలిగింది. వాళ్ళ నాన్న ముత్యాల వర్తకుడట. ముహర్రక్‌లో ఎర్రగుడ్డ కప్పి, దాని కింద చేతులు పట్టుకుని ముత్యాలు బేరమాడేవాళ్ళట, సరిగ్గా ఇలాగే. ఐదు వేళ్ళంటే ఐదు. ఎక్కడి పసుపు, ఎక్కడి ముత్యం! "మా నాన్న పోయాక నాతో ఇలా చెయ్యి కలిపినవాడు లేడు. రా, యల్లా" అంటూ భుజం మీది తలగుడ్డ తీసి మధ్యలో పరిచాడు. వందల్లో మాట్లాడుకుందాం అనుకున్నాం. గుడ్డ కింద ఆయన చెయ్యి నా చేతిని పట్టుకుంది. పొడిగా, గరుకుగా, తీరిగ్గా ఉందది.

నేను గాలి గురించి ఏదో మాట్లాడుతూ ఐదు వేళ్ళు పట్టుకుని, ఆపైన నాలుగు నొక్కాను. తొమ్మిది. హాజీ వేళ్ళు నా వేళ్ళ దగ్గర లేనే లేవు, మెల్లగా నా మణికట్టు మీదకు జారి అక్కడే ఆగాయి. నేను మళ్ళీ తొమ్మిది నొక్కాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఉన్నట్టుండి భుజాలు కదలడం మొదలయ్యాయి. ఆ తర్వాత నవ్వు, షెడ్డు రేకులు మోగేటంత నవ్వు.

"అబద్ధాలకోరా! నోటితో నా బండిని చెత్త కింద తీసిపారేశావు. ఇక్కడ చూడు, నీ నాడి గుర్రంలా దౌడు తీస్తోంది. అరచెయ్యి చెమటతో ముద్దయింది. మా నాన్న వేళ్ళ లెక్క ఎప్పుడూ నమ్మేవాడు కాదు, మణికట్టే పట్టుకునేవాడు. ముత్యం నిజంగా కావలసినవాడు మొహం దాచుకుంటాడు, దీన్ని దాచుకోలేడు." ఆగి, కళ్ళు తుడుచుకుని అన్నాడు. "ఆ వచ్చిన ముగ్గురూ ఎంత బాగా పొగిడారో నా బండిని! చేతులు కలిపితే చేపల్లా చల్లగా ఉన్నాయి."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. మా బాపుకు ఇది ఎవరూ చెప్పినట్టు లేదు, లేకపోతే నాకు మణికట్టుకు కూడా శిక్షణ ఇప్పించేవాడు. గుడ్డ కింద హాజీ నింపాదిగా నొక్కాడు. ఐదు, ఐదు, ఐదు, మూడు. పద్దెనిమిది. ఒక్కటి కూడా తగ్గలేదు. నేను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపేశాను, బేరం కుదిరిందనడానికి అంతకంటే పద్ధతైన గుర్తు ఆ క్షణాన తోచలేదు. తర్వాత ఎవరేమనుకుంటే నాకేమని వెళ్ళి ఆ పసుపు వీపుకు చెంప ఆనించాను. దుమ్ము అంటుకుంది. డ్రైవర్ భాయ్ ఫోటో తీశాడు. (ఇప్పటికీ నన్ను బెదిరించడానికి వాడుతుంటాడు.)

తాళం చెవి తిప్పగానే వంద కుట్టుమిషన్లు ఒక్కసారి మొదలైనట్టు చప్పుడు. ముగ్గురం ఎక్కాం. సముద్రం పక్క రోడ్డు మీద నేను గేరు మార్చినప్పుడల్లా పక్క సీట్లో హాజీ బాగున్న కాలితో నేలను తొక్కేవాడు, అక్కడ లేని బ్రేకు కోసం. మూడుకోణాల అద్దం తెరిస్తే గాలి నేరుగా మొహాన కొట్టింది. నేను ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండా నవ్వుతున్నాను, వెనక నుంచి డ్రైవర్ భాయ్ "మెల్లగ పో సేట్, ఇంకా నా పిల్లల పెండ్లిలు కాలే!" అని అరుస్తున్నాడు. స్పీడు చూస్తే నలభై.

సాయంత్రం రిఫాలో ఇంటి ముందు హారన్ కొడితే మా ఆవిడ బాల్కనీలోంచి తొంగిచూసింది. కిందికి వచ్చి చుట్టూ ఒకసారి తిరిగింది, అచ్చం అడ్తి దుకాణం కోడలిలా. "ఏసీ ఏది?" అంది. లేదు, ఇంజనుకు మాత్రం గాలి అందుతుందని వివరించాను. "గిదేందయ్యా, ఇంజనుకు గాలి పెట్టుకుంటదట గని మనకు పెట్టదా?" అంది. తర్వాత అడగకూడనిది అడిగింది. "సగానికి తెస్తనంటివి, తెచ్చినవా?" నేను ఫ్రిజ్ కోసం చుట్టూ చూశాను, లేదు. "అడిగినంత ఇచ్చిన" అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేల్చుకున్నాక తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. "సరె పా, ఒక రౌండ్ కొట్టుదాం. ఎట్లనో మోసపోతివి."

ఇదంతా జరిగి పన్నెండేళ్ళు. ఇప్పుడు నేను కొనుగోళ్ళ మేనేజర్ని, బేరానికి వెళితే చేతులు జేబులో పెట్టుకుంటాను. పోయిన నెల పాత ఏసీ కారు మార్చి ఇంకా పెద్దది తీసుకున్నాం. నేను చెప్పిన ధరకే వచ్చింది. షోరూమ్ కుర్రాడు అభినందనలు చెప్పి చెయ్యి కలిపాడు. నా చెయ్యి హాయిగా, పొడిగా, చల్లగా ఉంది. ఎవరికీ చెప్పలేదు గాని, పార్కింగ్ దాకా నడుస్తూ నా మణికట్టు నేనే పట్టుకుని చూసుకున్నాను. ఆఫీసు గడియారంలా కొట్టుకుంటోంది. షెడ్డులో ఆ ఫ్రిజ్ వంక చూస్తూ నిలబడ్డ చెమట చేతుల కుర్రాడు గుర్తొచ్చి, వాడంటే కొంచెం అసూయ వేసింది.

మరునాడు శుక్రవారం. పొద్దున్నే పసుపు కారు గుడ్డ తీశాను. బ్యాటరీ దిగిపోయింది. మా ఆవిడ చీర కొంగు నడుముకు చుట్టి వెనక నుంచి తోసింది, నేను తలుపు పట్టుకుని పక్క నుంచి తోశాను. ఇద్దరం నలభై అటూ ఇటూగా ఉన్నవాళ్ళం. వీధి చివర టపటపమని అందుకుంది. నేను లోపలికి దూకాను, ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని పక్కనే పరిగెత్తుకుంటూ వస్తూ అరుస్తోంది, "ఆపకు, ఆపకు, నేనే ఎక్కుత! ఆపినవంటె మళ్ళ తోసుడు నాతోని కాదు!"