నూకరాజు మేస్త్రీ పేరు

గిరిబాబు తెచ్చిన పేర్ల కాగితాన్ని నీలవేణి రెండుసార్లు చదివింది. నలభై రెండు పాత పేర్ల కింద కొత్తగా తమ తాత నూకరాజు పేరు చేరింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు కుటుంబాలు ఏటా ఒక ఆదివారం పొద్దున్న సంఘం హాల్లో కలుస్తాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను సైన్యం మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయి, నేటి థాయ్‌లాండైన సయాంలో రైలుమార్గం పనిలో పొట్టన పెట్టుకున్న తమ ఊళ్లవాళ్లను తలుచుకుంటాయి. కుర్రకారుకు తెలుగు చదవడం రాదు కనక పేర్లు చదివే పని పార్సిల్ ఆఫీసు గుమాస్తా నీలవేణి మీద పడింది.

"తాత బతికొచ్చినాడు కదరా గిరీ!"

"అచ్ఛా, బతికొస్తే బాధలు పడనట్టేనేటి? కమిటీ ఒప్పుకున్నాది. సదివీ అప్పా," అంటూ ఆ చిన్నాన్న కొడుకు నవ్వి వెళ్లిపోయాడు.

అతనికి తెలీదు. ముప్పై అయిదేళ్ల కిందట, మంచాన పడ్డ తాత ఆమె ఒక్కదానికే చెప్పాడు. తోటలో ఆయన కూలీల మీద మేస్త్రీ. సైన్యం పదిమందిని అడిగితే, సొంత తమ్ముణ్ణి తప్పించి చిన్నారావు పేరు రాయించాడు. ఆ ముఠాతో తననూ తోలుకుపోయారు. తాను తిరిగొచ్చి ఇక్కడ రైల్వేలో చేరాడు, చిన్నారావు రాలేదు.

చిన్నారావు కూతురు అసిరమ్మ ముందు వరసలోనే కూర్చుంది. ఎనభై నాలుగేళ్ల మనిషి, లింగియాడీహ్ బస్తీ నుంచి ఆటోలో వచ్చింది. ఆవిడ భర్తను లోకో షెడ్డులో పనికి పెట్టించింది నూకరాజే. ఆ ఇంట్లో ఆయన దేవుడు.

నీలవేణి చదవడం మొదలుపెట్టింది. నలభై రెండోది కాగానే కాగితం మడిచేసింది.

"అప్పా, ఇంకొకటున్నాది!" అన్నాడు గిరిబాబు.

"నాను సదవను," అని వేదిక దిగి వచ్చేసింది.

వరండాలో అసిరమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "మీ తాత పేరు సదవనేదేటే?"

నీలవేణి అబద్ధం ఆడదామనుకుంది. నోరు రాలేదు. ఉన్నదంతా చెప్పేసింది.

అసిరమ్మ మణికట్టు వదిలేసింది. "మా అయ్య పోవడం ఆడు సూసినాడా?" అంది.

"సూసినాడు పిన్నీ. కలరా. మూడో రోజు నది ఒడ్డున పోయినాడంట. తాతే పూడ్సినాడు."

"మా యమ్మ ఇరవయ్యేళ్లు బొట్టు తియ్యనేదు. మీ తాత మా గుమ్మంలో కూకోని టీలు తాగీవోడు. ఒక్క మాట సెప్పినాడు కాదు." ఆవిడ కళ్లు పొడిగానే ఉన్నాయి. "ఏ నెల్లో?"

"వానలు పడ్డ కొత్తలో అన్నాడు. తిథి తెలీదు."

"జేష్టం అమాసకి మా మనవడి సేత తద్దినం పెట్టిస్తాను. నువ్వు రాకు."

చెప్పులు తొడుక్కుని, చెయ్యందించబోయిన నీలవేణిని పక్కకు నెట్టి ఆటో ఎక్కింది.

తాత పేరు చదవనందుకు గిరిబాబు నీలవేణితో నెలపాటు మాట్లాడలేదు. జ్యేష్ఠ అమావాస్య నాడు నీలవేణి డ్యూటీకి సెలవు పెట్టి క్వార్టర్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం దాకా అన్నం ముట్టబుద్ధి కాలేదు. లింగియాడీహ్‌లో తద్దినం జరిగిందని పక్కింటి రాజశ్రీ చెప్పాక, లేచి అన్నం పెట్టుకుంది.