ఆదివారం నాలుగు గంటలకు తెరిచి ఉంచిన తలుపు

మొగల్తూరులో మా వీధి చివరి డాబా ఇంటిని 1999 జూన్ నెలలో అద్దెకు తీసుకున్న భ్రమరాంబగారు అంతకు పూర్వం ఇరవై ఎనిమిది సంవత్సరాలు నీలగిరి కొండల మీద ఒక అంతర్జాతీయ పాఠశాలలో భూగోళశాస్త్రం బోధించారు. చిన్న వయసులోనే భర్తను కోల్పోయి, రాజమండ్రిలో బి.ఇడి. పూర్తి చేసి, పత్రికలో ప్రకటన చూసి దరఖాస్తు పంపి, ఉద్యోగం రాగానే ఒంటరిగా రైలెక్కి వెళ్ళిన మనిషి ఆమె. పదవీ విరమణ అనంతరం పాఠశాలవారి క్వార్టరు ఖాళీ చేయవలసి రాగా, పుట్టిన ఊరు కదా అని ఇక్కడికి చేరారు. తల్లిదండ్రులు గతించారు, తోబుట్టువులు లేరు. ఊరిలో ఆమెను పేరు పెట్టి పిలవగల వారెవరూ మిగలలేదు.

సామాను దింపిన రోజున వీధివారి దృష్టిని ఆకర్షించినవి రెండు: కేకులు చేసుకునే చిన్న కరెంటు పొయ్యి, గడ్డిలో పొదిగి తెచ్చిన డజను తెల్ల కప్పులు. ఒంటరి మనిషికి ఇన్ని కప్పులు దేనికని కొందరు ఆశ్చర్యపడ్డారు గానీ, అడిగినవారు లేరు.

ఆ కప్పులకు ఒక కారణం ఉన్నది. ఆ పాఠశాలలో ఒక ఆనవాయితీ ఉండేది. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ప్రతి ఉపాధ్యాయుని ఇంటి తలుపూ ఓరగా తెరిచి ఉండాలి. హాస్టలు పిల్లలలో ఎవరికి మనసైతే వారు, ఏ ఇంటికి మనసైతే ఆ ఇంటికి వెళ్ళవచ్చు. ఎవరినీ ప్రత్యేకించి పిలవరు, ఎవరినీ పొమ్మనరు. కెన్యా నుండి, కొరియా నుండి, నేపాలు నుండి వచ్చిన పిల్లలు ఆమె ఇంటికి చేరి టీ తాగేవారు, పేకాడేవారు, అమ్మ గుర్తుకు వచ్చి ఏడ్చేవారు. కొందరు ఏమీ మాట్లాడక సోఫాలో పడి నిద్రపోయేవారు. నిద్రపోయిన వారిని లేపకూడదన్నది ఆమె తనకు తాను విధించుకున్న నియమం.

ఇక్కడ కూడా అదే పద్ధతి కొనసాగించాలని ఆమె నిశ్చయించుకున్నారు. చక్కని గుండ్రటి అక్షరాలతో ఒక అట్ట మీద వ్రాసి గేటుకు కట్టారు: "ఆదివారం సాయంత్రం నాలుగు నుండి ఆరు గంటల వరకు తలుపు తెరిచి ఉండును. ఎవరైనను రావచ్చును."

ఎవరూ రాలేదు. ఆషాఢం గడిచింది, శ్రావణం గడిచింది. ప్రతి ఆదివారమూ ఆమె నేత చీర కట్టుకుని, కప్పులు తుడిచి బల్ల మీద పేర్చి, వీధివైపు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆరు గంటలకు కప్పులు తిరిగి అలమరలోకి వెళ్ళేవి. కేకు సగం పనిమనిషికి, సగం మర్నాటి ఫలహారానికి సరిపోయేది.

భాద్రపదంలో ఒక ఆదివారం గేటు చప్పుడయింది. ఆమె లేచి నిలబడ్డారు. చేపల చెరువుల మీద కాపలా ఉండే చిట్టియ్య తలపాగా విప్పి చేత పట్టుకుని గుమ్మం బయటే ఆగిపోయాడు.

"రండి, లోపలికి రండి," అన్నారామె.

"ఆయ్, పర్లేదండి. మోకాళ్ళండి. కూకుంటే లేవలేకపోతన్నానండి. తీపి మాత్రలు ఇత్తారంటగదండీ?"

"మాత్రలా? నేను డాక్టరును కానండీ."

"మరి బోర్డెట్టారు గదండీ, ఆదివారం నాలుగింటికని! మా బుల్లియ్యగాడు సదివి సెప్పాడండి, హోమియోపతీ అని."

"అందులో అలా లేదు. ఊరికే వచ్చి కూర్చోవచ్చని వ్రాశాను. టీ తాగి వెళ్ళండి."

చిట్టియ్య ఆమెను, బల్ల మీది కప్పులను మార్చి మార్చి చూశాడు. "ఊరికినేనా అండీ?" అని, "ఇంకోపాలి వత్తానండి," అని మోకాలు పట్టుకుని వెళ్ళిపోయాడు. అతడు మళ్ళీ రాలేదు.

కార్తిక మాసంలో ఎదురింటి సూర్యకాంతమ్మగారు సత్యనారాయణ వ్రతం ప్రసాదం పట్టుకుని వచ్చారు. ఆమె భర్త అబ్బాయిరాజుగారు రొయ్యల చెరువుల పని మీద ఎక్కువగా చెరువుగట్ల మీదనే ఉంటారు. వచ్చినావిడ గేటు దగ్గరే నిలబడి, "ఇయ్యాళ బుధవారం కదండీ, రావచ్చో రాకూడదో," అన్నారు.

"అదేమిటండీ! ఎప్పుడైనా రావచ్చు."

"మరి టైము రాశారు కదండీ టీచరుగారూ. మిగతా రోజుల్లో వస్తే కోప్పడతారేమోనని వీధంతా భయం. ఆదివారం చూస్తేనేమో ట్యూషనేమో, మందులేమో, ఏంటో తెలీదాయె."

భ్రమరాంబగారు నవ్వబోయారు, నవ్వు రాలేదు. అయిదు నెలలుగా తలుపు తెరిచి కూర్చున్న సంగతి అప్పుడు చెప్పారు. చివరకు, "ఎవరో ఒక్కరు, పిలవకుండా, వాళ్ళంతట వాళ్ళు వస్తే చాలనుకున్నానండీ," అన్నారు.

"పిలవకుండా ఎవరొస్తారండీ? ఎవరైనా రావచ్చంటే ఎవర్నీ పిలవనట్టే. బొట్టు పెట్టి పిలవండి, వద్దన్నా వస్తారు." ఆ మాట అన్న వెంటనే సూర్యకాంతమ్మగారు నాలుక కరుచుకున్నారు. బొట్టు పెట్టి పిలిచే అర్హతను ఆచారం ఎవరికి ఇవ్వదో ఇద్దరికీ తెలుసు. "మీరెందుకండీ, నేను తిరుగుతాను మీ తరఫున," అని గబగబా సర్దుకున్నారు.

"పిలిస్తే పిలుపు కోసం వస్తారు కానీ, నా కోసం కాదు కదండీ."

"ఎందుకోసం వస్తే ఏంటండీ, వచ్చాక మీ ఇంట్లోనే కదా కూర్చుంటారు! ఒక్కటి చెప్తాను, ఆ కేకు మాత్రం చెయ్యకండి. గుడ్డు వేస్తారని అందరికీ తెలుసు. సున్నుండలు నేను చేసి తెస్తాను."

ఆ ఆదివారం సరిగ్గా నాలుగు గంటలకు వీధిలోని ఆడవారు పట్టుచీరలతో ఒక్కసారిగా వచ్చారు. కప్పులు చాలక ఎదురింటి నుండి గ్లాసులు తెప్పించవలసి వచ్చింది. అందరూ గోడ వెంబడి చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. "ఏం నోమండీ?" అని ఒకరు మెల్లగా అడిగారు. "నోమేమీ లేదండీ, ఊరికే," అన్నారు భ్రమరాంబగారు. అడిగినావిడ తలవంచుకున్నారు. అందరూ గ్లాసుల్లోకి చూస్తూ టీ తాగారు.

అప్పుడు ఒక పెద్దావిడ, "మీరు చదువు చెప్పిన పిల్లలు ఏ ఊరోళ్ళమ్మా?" అని అడిగారు.

భ్రమరాంబగారి ముఖం వెలిగింది. గోడకు వేలాడుతున్న ప్రపంచ పటం దగ్గరకు వెళ్ళి, "ఇదిగోనండీ, ఇది కెన్యా. ఇక్కడి నుండి ఒక అబ్బాయి వచ్చేవాడు. వర్షం పడితే చాలు, నా ఇంటికి వచ్చి కిటికీ దగ్గర కూర్చుని..." అని మొదలుపెట్టారు. ఇంతలో తలుపు దగ్గర కూర్చున్నావిడ, పాలవాడు వచ్చే వేళయిందంటూ లేచారు. పేరంటంలో ఒకరు లేస్తే అందరూ లేవడం మర్యాద. సూర్యకాంతమ్మగారు బొట్టు పెట్టి తాంబూలాలు ఇచ్చారు. "వెళ్ళొస్తామండి," అని ప్రతి ఒక్కరూ చెప్పారు. పెద్దావిడ కూడా చెప్పారు. అయిదు కాకముందే చాపలు ఖాళీ అయ్యాయి. భ్రమరాంబగారి వేలు ఇంకా కెన్యా మీదనే ఉన్నది.

మరుసటి ఆదివారం ఎవరూ రాలేదు. చీకటి పడే వరకు కూర్చుని, ఆమె వీధి దాటి ఎదురింటికి వెళ్ళారు.

"మళ్ళీ పిలవాలాండీ?" అని అడిగారు.

"అలా వారంవారం పిలవకూడదండీ. ముందు వాళ్ళు మిమ్మల్ని తిరుగు పిలుపు పిలవాలి కదా. ఆ బాకీ ఉంచుకుని ఉత్తి చేతుల్తో మీ ఇంటికెలా వస్తారు? వాళ్ళ ఇళ్ళల్లో పేరంటం అయినప్పుడు..." సూర్యకాంతమ్మగారి మాట అక్కడ ఆగింది. పేరంటానికి భర్త లేని భ్రమరాంబగారిని ఎవరూ పిలవరు. పిలవలేరు గనుక, రాలేరు.

"అర్థమైందండీ," అన్నారు భ్రమరాంబగారు. ఆ రాత్రి గేటుకు కట్టిన అట్టను విప్పి మడిచి లోపల పెట్టారు. అయితే ఆదివారం తలుపు తెరవడం మాత్రం మానలేదు. బల్ల మీద ఒక్క కప్పు ఉంచుకునేవారు.

ఫాల్గుణ మాసంలో ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం వీధి మొత్తానికి కరెంటు పోయింది. నాలుగు దాటిన తరువాత సూర్యకాంతమ్మగారు చింతపండు బుట్టను చంకన పెట్టుకుని, గేటు తోసుకుని, సరాసరి లోపలికి వచ్చేశారు.

"మా ఇంట్లో ఫ్యాను తిరగట్లేదండీ. ఇక్కడ కూర్చుని గింజలు తీసుకుంటాను."

భ్రమరాంబగారు కదలకుండా ఉన్న తమ ఇంటి ఫ్యానువైపు చూశారు. సూర్యకాంతమ్మగారు చూడలేదు, చాప పరుచుకుని బుట్ట ముందు పెట్టుకున్నారు.

"టీ పెట్టనాండీ?"

"పెట్టండి. ఆ కేకేదైనా ఉంటే పెట్టండి, మా అత్తగారితో మటుకు చెప్పకండి."

అలమర నుండి రెండవ కప్పు దించి ఆమె టీ కాచి తెచ్చేసరికి సూర్యకాంతమ్మగారు చేతిలో చింతపండు రెబ్బతోనే చాప మీద ఒరిగి నిద్రపోతున్నారు. తెల్లవారుజాము నుండి చెరువుల మీది కూలీలకు వండి పంపిన అలసట ఆ ముఖంలో కనిపిస్తున్నది.

భ్రమరాంబగారు ఆమెను లేపలేదు. ఆ వేళ్ళ నుండి చింతపండు రెబ్బను మెల్లగా తీసుకుని, బుట్టను తమవైపుకు లాక్కుని గింజలు తీయడం మొదలుపెట్టారు. కప్పులు రెండింటిలోనూ టీ చల్లారిపోయింది. ఆరు గంటలు దాటినా ఆమె తలుపు మూయలేదు.