సీరియల్లో దర్జీ బతికిపోయాడు

తెలిసిన నిజం దాచడం దయా, పిరికితనమా? ఏళ్లుగా నాకిదే ప్రశ్న.

ఈ సాయంత్రం పక్కింటి మరియమ్మక్క (పేరు మార్చాను), నేను సీరియల్ చూస్తున్నాం. ఒక దర్జీని జమీందారనుకొని రౌడీలు చుట్టుముట్టారు. "నేను ఆయన్ని కాదు" అని అరిచి, మెడలో టేపు చూపించి బతికిపోయాడు. నాకు నవ్వొచ్చింది. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇరవై ఏళ్ల కిందట, ఊరి పెద్దాయన ఇచ్చిన పాత తెల్లచొక్కా తొడుక్కొని పోతున్న ఆమె భర్తను, ఆ పెద్దాయనే అనుకొని పగవాళ్లు నరికారు.

"మా మనిషి గూడా నేను కాదని అరిచింటాడా, పాపా?"

"అంత వ్యవధి యాడుంటాది అక్కా."

"పోనీలే, అట్లయితే మేలు."

ఆయన మూడుసార్లు అరిచాడని, అప్పుడు పక్క చేలోనే ఉన్న మా నాన్న నాకు చెప్పాడు. భయపడి నాన్న పోలేదు.

నేను అబద్ధమాడింది అక్క కోసమా, నాన్న కోసమా? మీకేమైనా తోస్తే చెప్పండి. నాకైతే ఇంకా తేలలేదు.