చుక్కల రెక్కల ఈగల బుట్ట

రాష్ట్రం కలిశాక బదిలీ మీద వికారాబాద్ వచ్చిన గుంటూరు వాణ్ణి నేను. ఆ ఉదయం ఏడింటికి నాంపల్లి బండెక్కినప్పుడు నా భయమంతా ఈగల గురించే. అనంతగిరి అడవిలో, అక్కడివాళ్లు విషమని చెప్పిన పుట్టగొడుగుల మీద చుక్కల రెక్కల ఈగలు దొరికాయి. వాటి జాతేమిటో ఆబిడ్స్‌లో ఉన్న మా కీటకశాస్త్రం మాస్టారే తేల్చాలి. చావకుండా పుట్టగొడుగులతో సహా బుట్టలో పెట్టి, పైన పల్చటి గుడ్డ కట్టాను. వానాకాలం ఈ దారిన వెళ్లేవాళ్లు కిటికీ పక్కన కూర్చోకండి, జల్లు కొడుతుంది.

ఎదుటి బల్ల మీద బాలమ్మ అనే పెద్దావిడ. ఆమె కాళ్ల దగ్గరా గుడ్డ కట్టిన బుట్టే.

"మా బిడ్డకు పుట్టగొడుగులంటే పానం సారూ. నాంపల్లి సరాయి వెనక, పిండిగిర్నీ పక్క ఇల్లు" అంది. నా బుట్ట చూసి, "ఈగలు ముసిరినయంటే మంచియే" అని తేల్చేసింది.

"కాదమ్మా, విషమే. ఈ ఈగలకు అది పడుతుంది, మనకు పడదు."

"ఏంది సారూ, గంత సదివి గిట్లంటవ్!"

పదింటికి నాంపల్లిలో తోసుకుంటూ దిగాం. స్టేషన్ బయట చాయ్ తాగి, రిక్షాలో ఆబిడ్స్ చేరాను. మాస్టారి పూజ ముగిసేసరికి పన్నెండు దాటింది. గుడ్డ కొంచెం ఎత్తి భూతద్దంతో చూశారు.

"ఏమోయ్, చుక్కల రెక్కలది ఒక్కటీ లేదే! ఇవన్నీ మామూలు ఇంటి ఈగలు."

అడుగున మోదుగాకులు పరిచి ఉన్నాయి. నేను పరచలేదు. బుట్టలు మారిపోయాయి! బుట్ట పట్టుకుని వీధిలోకి పరిగెత్తి రిక్షా ఎక్కాను.

"జల్దీ పోనీ నాయనా, ప్రాణాల మీదికొచ్చింది!"

"ఫికర్ చెయ్యకున్రి సాబ్" అన్నాడు రిక్షా అతను. దారి పొడుగునా దేవుళ్లందరికీ మొక్కాను. పిండిగిర్నీ దగ్గర దూకాను. పక్కింటి వాకిట్లోకే కూర వాసన కొట్టింది.

"తినకండి!" అని అరిచాను.

బాలమ్మ కూతురి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఎవరన్నా తిన్నారా తల్లీ?"

"లేదు సార్. గిప్పుడే కలిపిన. బుట్ట ఇప్పంగనే ఈగలన్నీ ఎగిరిపోయినయ్..."

బాలమ్మ నా చేతిలోని బుట్ట విప్పి మోదుగాకులు చూసింది. కూర గిన్నె తీసుకెళ్లి పెరట్లో గుంటలో కుమ్మరించి మట్టి కప్పింది. కూతురి చేతులు తానే రెండుసార్లు కడిగింది.

తర్వాత తన బుట్టలోవి వండి, నాకు పీట వేసింది. అవెలాంటివో నాకేం తెలుసు? నాకు ఈగలు తెలుసు గానీ పుట్టగొడుగులు తెలియవు. ముద్ద కలిపి కూర్చున్నాను.

"నీ మాట మీద కూరంత పారవోసిన సారూ. నా మాట మీద నువ్వు తినవా?"

తిన్నాను.

సాయంత్రం అయిదింటి బండిలో తిరిగొచ్చాను. ఈగల పేరు తేలనే లేదు, మళ్లీ అడవికి పోవాలి. కూర మాత్రం కమ్మగా ఉంది, అబద్ధం చెప్పకూడదు. అయినా వికారాబాద్ వచ్చేదాకా పొట్ట మీంచి చెయ్యి తీయలేదు.